ఎలుగు లేని కొండ

మా బడి వెనకున్న కొండ మీద ఎలుగుబంటి లేదట. కొరాపుట్‌లో ఏసీ హాల్లో కూర్చుని పెద్ద తెర మీద ఆ ముక్క చదివాను. రాసినవాడు ఆ కొండ ఎక్కినవాడు కాదు. సరే, ఎక్కనివాళ్ళు లోకంలో బోలెడుమంది. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో ‘ఆధారం: స్థానిక బడిపిల్లల పరిశీలన’ అని ఉంది. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. కాబట్టి ఈ సంగతి నేను నెమ్మదిగా, పద్ధతిగా చెబుతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నేను ఒడిశాలో పొట్టంగి దగ్గర ఒక కొండ ఊళ్ళో టీచర్ని. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి ఆస్పత్రిలో కాంపౌండరు పనికని ఈ కొండలెక్కి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో దేశియా. ఆంధ్రా సరిహద్దు పక్కనే కాబట్టి మా పిల్లలకి సాలూరు సంత తెలుగు బాగానే వచ్చు. నాతో ఆ తెలుగే మాట్లాడతారు, పిలవడం మాత్రం ఇక్కడి బడి పద్ధతిలో ‘గురుమా’ అని పిలుస్తారు.

ఆమధ్య ఏదో సంస్థ తరఫున ఒకాయన జీపులో దిగాడు. అందరూ ఆయన్ని ‘బాబు’ అనేవాళ్ళు. నేనూ అదే అంటాను, నా నోట ఆయన పేరు ఎందుకు! బడిపిల్లలే తమ ఊరి అడవిలో జంతువుల్ని గమనించి లెక్క చెప్పే పథకమట అది. పిల్లలందరికీ ఎర్ర టోపీలు పంచి, ‘ఈరోజు నుంచి మీరు సైంటిస్టులు’ అన్నాడు. అడవిలో జంతువుల కంట పడకుండా నక్కి చూడాల్సినవాళ్ళకి ఎర్ర టోపీలు కొనిపెట్టిన ఆ బుర్రకి దణ్ణం పెట్టాలి. పిల్లలు మాత్రం సంబరపడిపోయారు. టోపీ పెట్టుకుని పడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

టోపీలతో పాటు బడికి ఒక ట్యాబ్ ఇచ్చాడు. దాని నిండా బొమ్మలు. నెమలి, అడవికోడి, కుందేలు, అడవిపంది, కోతి, తాచుపాము, ఎలుగుబంటి ఇలా. చివర్లో ఆవు బొమ్మ, మనిషి బొమ్మ కూడా ఉన్నాయి. అడవిలో మనుషుల అలికిడి ఎంతుందో కూడా తెలియాలట. కనబడినదాని బొమ్మ నొక్కాలి, ఎన్నో అంకె నొక్కాలి, అంతే. ఎక్కడ చూశారో, ఎప్పుడు చూశారో ట్యాబే రాసుకుంటుంది. చచ్చిపడి ఉంటే పక్కనున్న ఎర్ర గుర్తు కూడా నొక్కాలి. ‘ఎర్ర గుర్తుతో ఆటలాడకండి. అది నొక్కగానే బ్లాకు ఆఫీసు, పోలీసుల దగ్గర్నుంచి అటవీశాఖ దాకా అందరి ఫోన్లూ మోగుతాయి’ అని వేలు చూపించి మరీ హెచ్చరించాడు. ఇంకో నియమం కూడా పెట్టాడు. నొక్కేది పిల్లలే, పెద్దవాళ్ళు ట్యాబ్ ముట్టుకోకూడదు. లెక్క స్వచ్ఛంగా ఉండాలట.

ప్రతి శనివారం తెల్లవారుజామునే వెళ్ళేవాళ్ళం. ఊళ్ళో ఇద్దరు తండ్రులు గొడ్డళ్ళు భుజాన వేసుకుని తోడు వచ్చేవారు. ట్యాబ్ పట్టుకునేది ఏడో తరగతి పిల్ల. నోరు తక్కువ, చూపు ఎక్కువ. లోయకి ఇవతల ఒక పెద్ద రాయి ఉంది. దాని మీద కూర్చుంటే అవతలి గట్టున పనసచెట్లూ, వాటి వెనక బండల మధ్య చీకటి సందూ కనిపిస్తాయి. ఆ రాయి దగ్గరికి వెళ్ళేముందు ఆ పిల్ల దోవలో ఆగి, గొంతెత్తి పిలిచేది.

“పెద్దమ్మా, మాం ఒస్తన్నాం! పక్కకెల్లు!”

నేను నవ్వుకునేదాన్ని. ఎలుగు ఎదురుపడితే మీద పడే జంతువు కాబట్టి చప్పుడు చేసి పోవడం మంచిదే కదా అనుకునేదాన్ని. ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక పొద్దున ఆ పెద్దమ్మని నేనూ చూశాను. వీపు మీద పిల్లని ఎక్కించుకుని తాపీగా దిగి, ఇప్పచెట్టు కింద పూలు ఏరుకుని తింది. పిల్ల జారిపోతుంటే ఆగింది. అది మళ్ళీ ఎగబాకి బొచ్చు గట్టిగా పట్టుకున్నాక కదిలింది. రాయి మీద పిల్లలెవరూ ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఏడో తరగతి పిల్ల ట్యాబ్ మీద ఏదో నొక్కింది. నేను తొంగి చూడలేదు, నియమం కదా మరి.

ఆ కొండకి అవతలి మొహాన కంకర క్వారీ పెడతారన్న మాట అప్పటికే సంతలో నలుగుతోంది. ఎలుగులాంటి పెద్ద జంతువు కాపురముంటే బాంబులు పెట్టి రాయి పేల్చడానికి అనుమతి రాదు, లేకపోతే వస్తుంది. అందుకని మా పిల్లల లెక్క మీద నాకు కొండంత ధైర్యంగా ఉండేది. పొట్టంగిలో నేను సామాన్లు కొనే కొట్టు సావుకారుకి మాత్రం అది నచ్చలేదు. ఆయన వాళ్ళ తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. క్వారీ వస్తే తిప్పడానికి రెండు టిప్పర్లు కొని సిద్ధంగా ఉన్నాడు.

“ఏటి టీచరమ్మా, పిల్లల్నట్టుకుని కొండల్లో తిరుగుతన్నావట! కంకర నేకపోతే రోడ్డెలాగొస్తాది? ఆ రోడ్డు నీ ఇస్కూలుకే గదేటి?”

“బడికి రోడ్డు కావాలంటే బడి వెనకున్న కొండే పేల్చాలా? కంకర ఇంకెక్కడా దొరకదా?”

“ఎలుగుబంటేటి ఓటేస్తాదా పన్ను కడతాదా? ఎందుకమ్మా నీకీ గొడవ? పప్పు కావాలా, పెసలు కావాలా, అది సెప్పు.”

పెసలు తీసుకుని వచ్చేశాను. ఆ పెసలు ఉడుకుతున్నంతసేపూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. అయినా పిల్లల లెక్క ఉంది కదా, వీళ్ళేం చేస్తారులే అనుకున్నాను.

తర్వాత కొరాపుట్‌లో సభ. పిల్లల్ని ట్రెక్కరు జీపులో కుక్కి తీసుకెళ్ళాం. ఎర్ర టోపీలతో ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర మీద తమ ఫొటో రాగానే చప్పట్లు కొట్టుకున్నారు పాపం. తర్వాత లెక్కలు వచ్చాయి. నెమళ్ళు ఇన్ని, అడవిపందులు ఇన్ని. తాచుపాములు సున్నా. కోతులు సున్నా. ఎలుగులు సున్నా. మనుషుల అలికిడి మాత్రం చాలా ఎక్కువ, ముఖ్యంగా తెల్లవారుజామున, లోయ అవతల బండల దగ్గర. ‘కాబట్టి ఈ కొండ ఇప్పటికే మనుషుల చేతిలో చెడిపోయిన ప్రాంతం, పెద్ద జంతువులు వదిలేసి వెళ్ళిపోయాయి’ అని బాబు గడగడా చదివేశాడు. ముందు వరసలో పెద్ద అధికారులు తలాడించారు. సమోసాలు వచ్చాయి.

ఎలుగు సంగతి పక్కన పెట్టండి. కోతులు సున్నా ఏమిటండీ! టోపీలు పంచడానికి వచ్చిన రోజే ఈయన జీపులో పెట్టుకున్న అరటిపళ్ళ హస్తం మొత్తం ఒక కోతి ఎత్తుకుపోయింది. చెట్టెక్కి, ఈయన్నే చూస్తూ, ఒక్కొక్కటే ఒలుచుకు తింది. మధ్యాహ్న భోజనం గుడ్లకి మేం కర్ర పట్టుకుని కాపలా కాస్తాం. అలాంటి చోట కోతులు సున్నా అని తన నోటితో తనే చదువుతూ, ఇదేమిటబ్బా అని ఒక్క క్షణం ఆగలేదు ఆ మనిషి. అంకె తనకి కావలసినట్టు ఉంటే చాలు, కళ్ళు అక్కర్లేదు!

తిరుగు ప్రయాణంలో ఘాట్ మలుపుల్లో పిల్లల్ని అడిగాను. గట్టిగానే అడిగాను.

“ఎలుగుని చూశారా లేదా?”

“సూసేం గురుమా.” అందరూ ఒకటే గొంతు.

“మరి నొక్కలేదేం?”

“నొక్కేం గదా.”

“ఏం నొక్కారు?”

ఏడో తరగతి పిల్ల ట్యాబ్ తెరిచి, చివరి బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. అది మనిషి బొమ్మ.

“అదేంటమ్మీ!”

ఇంత సులువైన విషయం టీచరుకి తెలియదా అన్నట్టు చూసింది నన్ను. “జంతువులైతే జంతువు బొమ్మ నొక్కమన్నారు. ఆవిడ మా పెద్దమ్మ గదా. మాది ఎలుగు బొంసొ.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు గిరిజనుల్లో ప్రతి ఇంటికీ ఒక బొంసొ ఉంటుంది, అంటే వంశం. ఎలుగు బొంసొ, కోతి బొంసొ, నాగు బొంసొ, పులి బొంసొ. ఎవరి బొంసొ ఏదైతే అది వాళ్ళకి నెత్తురు చుట్టం. దాన్ని కొట్టరు, తినరు. అది చచ్చిందని తెలిస్తే మైలపడి, తలస్నానం చేసి, ఇంట్లో వండుకునే కుండలు బయట పారేస్తారు. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ సంగతికీ ట్యాబ్ మీది బొమ్మలకీ ముడి ఉంటుందని మాత్రం నాకు తట్టలేదు, బాబుకీ తట్టలేదు. ఇంటి మనిషిని జంతువుల బొమ్మల్లో వెతకరు కాబట్టి ఎలుగు బొంసొ పిల్లలు ఎలుగుని మనిషిగా నొక్కారు, కోతి బొంసొవాళ్ళు కోతిని, నాగు బొంసొవాళ్ళు తాచుని మనిషిగా నొక్కారు.

“మరి మిగతావాళ్ళు? మీది నాగు బొంసొ కదా, నువ్వయినా ఎలుగు బొమ్మ నొక్కొచ్చు కదా!” అని పక్క పిల్లాడిని అడిగాను.

వాడు చెవులు పట్టుకున్నాడు. “ఓలమ్మో! ఆలింట్లో పెద్దోలిని నాను జంతువనేస్తే ఊరుకుంతారేటి?”

నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను. ఆ వెంటనే అసలు సంగతి తట్టి కూర్చున్నచోటే లేచి నిలబడబోయాను, ట్రెక్కరు టాపు తలకి కొట్టుకుంది. లెక్క తప్పు కాదు! తెల్లవారుజామున బండల దగ్గర మనుషులు ఎవరు తిరుగుతారు? పాక్కుంటూ కూడా ఎవరూ వెళ్ళలేని సందది. అక్కడున్న ‘మనుషులు’ అందరూ ఎలుగులే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. ఏ బొంసొ పిల్లలు ఎక్కడ ఏం చూశారో అడిగి సరిదిద్దితే చాలు, లెక్క బంగారంలా ఉంటుంది.

మర్నాడే కొరాపుట్ బస్సెక్కాను. బాబు ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మొత్తం విన్నాడు. వింటున్నంతసేపూ నవ్వుమొహమే.

“ఎంత అందమైన విషయం మేడమ్! దీని మీద ఒక చిన్న వీడియో చేద్దాం.”

“వీడియో తర్వాత. లెక్క మార్చండి.”

“అది లాక్ అయిపోయింది మేడమ్. పైకి వెళ్ళిపోయింది.”

“అయితే తప్పని ఉత్తరం రాయండి. ఎలుగుని నేను నా కళ్ళతో చూశాను, పిల్లతో సహా. సంతకం పెడతాను.”

“మీరు పెద్దవారు కదా. మాది పిల్లల పరిశీలన.” కాసేపు పెన్ను తిప్పాడు. “ఇంకొకటి ఆలోచించండి. తప్పని రాస్తే మీ పిల్లలకి మనిషికీ జంతువుకీ తేడా తెలియదని రాసినట్టే. సభలో వాళ్ళకిచ్చిన సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. అది మీకిష్టమేనా?”

చూశారా! పిల్లలు సైంటిస్టులైతే ఎలుగు లేదు. ఎలుగు ఉంటే పిల్లలు మూర్ఖులు. రెండు వైపులా పదునున్న కత్తిని నవ్వుతూ నా చేతికిచ్చాడు. తెలియక చేసిన తప్పుకి నేనెవర్నీ తిట్టను. తెలిశాక కూడా దాన్ని దిద్దకుండా, దాని మీదే పీట వేసుకుని కూర్చునేవాణ్ణి ఏమనాలి? ఆడలేక మద్దెల ఓడన్నారట, ఈయన మద్దెలని మా పిల్లల మెడలో కట్టాడు. ఆ టీ తాగకుండా లేచి వచ్చేశాను.

ఇంక నాకు మిగిలిన దారి ఒక్కటే. కొత్తగా లెక్క పంపాలి. శనివారం రాయి మీద కూర్చుని ఆ పిల్లని బతిమాలాను.

“ఒక్కసారి ఎలుగు బొమ్మ నొక్కమ్మీ. నువ్వు నొక్కితే కొండ నిలుస్తుంది.”

“నొక్కను గురుమా.”

“మీ పెద్దమ్మ కోసమే చెబుతున్నాను.”

“జంతువుల్లో కలిపేస్తే పెద్దమ్మెలాగవుతాది?” కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ వేలు కదల్లేదు.

నాకు కోపం వచ్చింది, దాచను. నేను ఆదివారం చర్చికి వెళ్ళే మనిషిని, మా లెక్కలో ఎలుగు ఎవరికీ పెద్దమ్మ కాదు. ఆ కోపంతోనే వాళ్ళింటికి వెళ్ళి నాయనమ్మతో మొరపెట్టుకున్నాను. ఆవిడ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపలేదు.

“బొమ్మ నొక్కకపోతే ఆయనకి మా పెద్దది కనబడదా?”

“కనబడదమ్మా. ఆయన పద్ధతి అంత.”

“మరి మమ్మల్ని ఏ బొమ్మ కింద ఏసుకున్నాడు? మాం కనబడతన్నామా ఆయనకి? ఓపాలి అడిగి సెప్పు.”

పొల్లు ఎగిరి నా చీర మీద పడింది, దులుపుకుని వచ్చేశాను. ఆ పిల్లని మళ్ళీ బతిమాలలేదు.

అనుమతి వచ్చింది. రాకేం చేస్తుంది? సున్నా ఎలుగులున్న కొండ కదా! అవతలి మొహాన పేలుళ్ళు మొదలయ్యాయి. బడి రేకులు అదిరేవి, ఎక్కాలు చెప్పే పిల్లలు మధ్యలో ఆగిపోయేవారు. కొండ అవతల ఉండలేక పెద్దమ్మ పిల్లతో ఇవతలికి, రోడ్డు వైపుకి దిగసాగింది. సావుకారు టిప్పర్లు చీకటి ఉండగానే తిరిగేవి. నెమ్మదిగా నడపమని డ్రైవర్లకి చెప్పవయ్యా అని ఆయన కొట్టు ముందు నిలబడి చెప్పాను. “ఆలు రోడ్డు మీదే గదా ఎల్తన్నారు, కొండెక్కి గుద్దెత్తన్నారేటి?” అన్నాడు.

ఒక పొద్దున బడికి వస్తుంటే మలుపులో రోడ్డంతా కుండపెంకులు. అంబలి కుండలు, కూర దాకలు, నీళ్ళ కడవలు, ఎలుగు బొంసొ ఇళ్ళన్నిటివీ. కల్వర్టు పక్కన పెద్దమ్మ పడి ఉంది. ఎవరో కొత్త గుడ్డ కప్పారు. నల్లటి పంజా ఒకటి మాత్రం బయటికి ఉంది. గుద్దిన బండి ఆగలేదు. ఆడవాళ్ళు తలలు తడుపుకుని గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నారు, మన ఇళ్ళలో మనిషి పోతే ఏడ్చినట్టే. నా మతం, నా చదువు, నా సైన్సు పుస్తకం అన్నీ పక్కకి పోయాయి. చెప్పులు విప్పి నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను.

ఆ రోజు ఎలుగు బొంసొ పిల్లలెవరూ బడికి రాలేదు, మైల కదా. మొదటి గంట కొట్టాక ఏడో తరగతి పిల్ల ఒక్కతే వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గుమ్మం బయటే నిలబడింది.

“గురుమా, ట్యాబ్ ఓపాలి ఇయ్యండి.”

ఇచ్చాను. మనిషి బొమ్మ నొక్కింది. ఒకటి అంకె నొక్కింది. పక్కనున్న ఎర్ర గుర్తు నొక్కింది. ‘ఖాయమేనా’ అని ట్యాబ్ అడిగింది. ఆ పిల్ల నా వైపు చూసింది. వద్దనొచ్చు, నేను టీచర్ని. నేను తలూపాను. నొక్కేసింది. ట్యాబ్ పట్టుకుని ఇద్దరం మలుపు దగ్గరికి వెళ్ళాం.

అప్పుడు చూడాలి తమాషా! ఎన్నిసార్లు తిరిగినా, ఎంత మొత్తుకున్నా కదలని ఆఫీసులన్నీ ఒక్కసారి లేచి పరిగెత్తుకొచ్చాయి. ముందు పోలీసు జీపు, తర్వాత బ్లాకు ఆఫీసు బండి, అటవీశాఖవాళ్ళు, అందరికన్నా ఆఖర్న చెమటలు కక్కుతూ బాబు. బండ్లన్నీ కుండపెంకుల ముందు ఆగిపోయాయి. దిగి నడిచారు. ‘ఎవరు పోయారు, శవం ఎక్కడ’ అని పోలీసాయన అడిగాడు. నాయనమ్మ లేచి గుడ్డ తొలగించి చూపించింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ ఒక్క పనికి ఆయనకి నా నమస్కారం.

అటవీశాఖవాళ్ళు కాగితం తీసి ‘ఆడ ఎలుగుబంటి, ఒకటి’ అని రాసుకున్నారు. బతికున్నన్నాళ్ళూ లేని ఎలుగు చచ్చాక ఉందని తేలింది.

బాబు మాత్రం ట్యాబ్ లాక్కుని పిల్ల మీదకి వచ్చాడు. “మనిషి చచ్చిపోయాడని తప్పుడు సమాచారం పంపావు. ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. ఎలుగు బొమ్మ కనబడలేదా నీకు?”

నా నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయను. కానీ నాకంటే ముందు ఆ పిల్లే మాట్లాడింది. అన్నాళ్ళూ నోరు తక్కువ అనుకున్న పిల్ల.

“తప్పుడుది కాదు బాబూ. సిన్నది ఇంకా కొండమీదే ఉంది. తల్లి నేదు దానికి, ఎలాగ బతుకుతాదో ఏటో. దాన్ని ఏ బొమ్మ కింద నొక్కితే మీరు ఒస్తారు?”

బాబు తెర వైపు చూశాడు. అన్ని బొమ్మలూ ఉన్నాయి అక్కడ. పోలీసాయన కూడా ఆయన వైపే చూస్తున్నాడు.

నేను బాబు చేతిలోంచి ట్యాబ్ లాక్కుని పిల్లకిచ్చాను. “నీకేది నిజమో అదే నొక్కమ్మీ” అన్నాను. మనిషి బొమ్మ నొక్కింది. ఒకటి అంకె నొక్కింది. చిన్నది బతికే ఉంది కాబట్టి ఎర్ర గుర్తు ముట్టుకోలేదు. ఆ రోడ్డు మీద నిలబడ్డ అంతమంది జేబుల్లో ఒక్క ఫోను కూడా మోగలేదు.